పెద్దమ్మ పెట్టని మూడు సంతకాలు

ముందుగా పాఠకులు నా తెలుగును మన్నించాలి. పగలు గుమాస్తాగా పనిచేస్తూ, రాత్రి కళాశాలలో చదివి, ముప్పై ఎనిమిదో ఏట పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆ పట్టా మా ఇంటి గోడ మీద ఉంది. దానికి నేను సిగ్గుపడను. కానీ నాకు వచ్చిన తెలుగు మెమోల తెలుగు, రిజిస్టర్ల తెలుగు. ఆ తెలుగులో దుఃఖం రాయడం నాకెవరూ నేర్పలేదు. కోపం రాయడం అసలే నేర్పలేదు. అయినా రాస్తున్నాను. నేను రాయకపోతే ఆమె గురించి లోకంలో మిగిలే కాగితం ఒక్కటే. అది అబద్ధం. అది నా చేతి రాత.

మొన్న బుధవారం ఉదయం, ఎనిమిది గంటల సైరను మోగకముందే, ఆమె మేనకోడలు ఫ్యాక్టరీ గేటు దగ్గర నా సైకిలుకు అడ్డంగా నిలబడింది. ఆ అమ్మాయి మా దగ్గరే కాయలు ఏరే బల్ల మీద పనిచేస్తుంది.

"గుమాస్తాగారండీ, మా అత్త పోయిందండీ."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. విస్సన్నపేట రోడ్డు తోటలో రాలినకాయలు ఏరతా ఏరతా పడిపోయిందంట. వడదెబ్బన్నారు. ఆస్పత్రికి చేర్చేసరికే లేదండీ. ఇవాళ మధ్యాహ్నం సమాధి. వస్తారా, రారా?"

చివరి మాట ఆమె అడిగిన తీరు నాకు అర్థమైంది. వస్తానన్నాను.

ఆ పూటే మేనేజరు గారు నన్ను పిలిచి నోటీసు బోర్డుకు సంతాప వాక్యం చెప్పారు. "మన సంస్థలో అంతర్జాతీయ నాణ్యతా వ్యవస్థ అమలుకు తొలినాళ్ళలో సహకరించిన కార్మికురాలి మృతికి చింతిస్తున్నాము." టైపు చేశాను. "సహకరించిన" అన్న మాట దగ్గర నా వేలు ఆగింది. పోయిన శ్రావణంలో ఇదే మిషను మీద, ఇదే మేనేజరు గారు చెబుతుండగా, ఇదే మనిషిని "నిర్లక్ష్యం కారణంగా తొలగించడమైనది" అని కొట్టాను. ఏడాది తిరక్కుండానే నిర్లక్ష్యం సహకారం ఎలా అయింది? మనిషి చచ్చిపోతే అయింది. ఇక అడగడానికి ఆమె రాదు కాబట్టి అయింది.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు మా దగ్గర తక్కువ. నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి వచ్చే మామిడి కాయలను గుజ్జు తీసే ముందు ఒక పొడవాటి బల్ల మీద పోసి ఏరుతారు. ఆ బల్ల తల దగ్గర పదిహేడేళ్ళు నిలబడిన మనిషి కాబట్టి ఆమె బల్ల పెద్దమ్మ. గంప దించగానే ఆమె పైకాయ ముట్టుకునేది కాదు. మోచేతి దాకా చెయ్యి దించి అడుగుకాయ తీసేది. తొడిమ దగ్గర బొటనవేలితో రుద్ది వాసన చూసేది. అనుమానం వస్తే కోసి, టెంక పక్కన ఉన్న కండను నాలుక కొసకు తగిలించేది. పులుపు తగిలితే, నడుముకు దోపుకున్న పాత చీర పేలికల్లోంచి ఒక ఎర్ర గుడ్డ లాగి ఆ గంపకు కట్టేది. ఎర్ర గుడ్డ కట్టిన గంప గుజ్జు మిషను వైపు వెళ్ళేది కాదు. అది మా ఫ్యాక్టరీ ఆచారం. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

ఒకసారి ఒక లారీ కలెక్టరు రకం కాయలు మొత్తం ఒకే పసుపు రంగులో దిగాయి. తోట దళారి మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"బంగారంలా ఉన్నాయి కదే పెద్దమ్మా! ఇంకా ఏం వాసన చూస్తావు?"

"బంగారమైతే కంసాలి దగ్గరికి తోలుకెళ్ళు నాయనా. ఇక్కడ గుజ్జు తీస్తారు."

బల్లకు రెండు వైపులా ఉన్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె నవ్వకుండా పద్నాలుగు గంపలకు ఎర్ర గుడ్డలు కట్టింది. అవి కార్బైడ్ పొట్లాలు పెట్టి రెండు రోజుల్లో రంగు తెప్పించిన కాయలు, లోపల పచ్చివి. కొత్తగా చేరిన పిల్లలతో ఆమె ఎప్పుడూ ఒకటే అనేది: "రంగు చూడమాకండే. రంగు ఎవడైనా తెప్పిస్తాడు."

నిరుడు వేసవికి ముందు విదేశీ కొనుగోలుదారుల నుంచి టెలెక్స్ వచ్చింది. అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణం ప్రకారం వ్యవస్థ లేని ఫ్యాక్టరీ నుంచి ఇకపై గుజ్జు కొనబోమని దాని సారాంశం. ఆ ప్రమాణం వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఈ జిల్లాలో దాని పేరు విన్నవాళ్ళు నలుగురైనా ఉంటారో లేదో. మేనేజరు గారు మద్రాసు నుంచి ఒక సలహాదారును పిలిపించారు. ఆయన రెండు రోజులు ఉండి, పెద్దరసాలు ఒక బుట్ట కారులో పెట్టించుకుని, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి వెళ్ళిపోయారు. దాన్ని తెలుగులోకి మార్చే పని నాకు అప్పగించారు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చేశాను. మంచి పని చేశాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. నలభయ్యో పేజీలో "పొయ్యిలోని వేడిని గంటకొకసారి నమోదు చేయవలెను, బిస్కెట్ల అంచులు మాడకుండా చూడవలెను" అని ఉంది. అది ఏ బిస్కెట్ల ఫ్యాక్టరీకో రాసిన పుస్తకం. మన పేరు అతికించి మనకు అమ్మారు. చూపిస్తే మేనేజరు గారు, "ఆ పేజీ తీసేయ్, మిగతాది ఉంచు" అన్నారు.

అయినా అసలు ప్రమాణం మీద నాకు కోపం లేదు. అది ఈ రోజుకీ నాకు గౌరవనీయమైనదే. చేసేది రాయమంది. రాసింది చేయమంది. చేసినట్టు ఆధారం ఉంచమంది. తప్పు జరిగితే కారణం వెతికి, మళ్ళీ జరగకుండా దిద్దుకోమంది. ఇందులో దొంగతనానికి చోటెక్కడుంది? చోటు మేము చేశాము.

టీ విరామంలో ఒక భాగం పెద్దమ్మకు చదివి వినిపించాను. "అనుగుణంగా లేని సరుకునకు గుర్తు పెట్టి వేరుగా ఉంచవలెను."

ఆమె గ్లాసు కింద పెట్టి, "ఎవరు రాశారండీ ఇది?" అంది.

"చాలా దేశాలవాళ్ళు కూర్చుని రాశారు."

"అంతమంది ఎందుకండీ పాపం? ఎర్ర గుడ్డ కట్టమంటే సరిపోయేది."

మళ్ళీ అందరూ నవ్వారు. ఆ రోజు నేను కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆమె చెప్పింది నిజమనిపించి, మా పుస్తకంలో "పనికిరాని గంపకు ఎర్ర గుడ్డ కట్టవలెను" అని రాశాను. మేనేజరు గారు ఆ వాక్యం కొట్టేసి "ముద్రించిన ఎర్ర కార్డు తగిలించవలెను" అని మార్చారు. గుడ్డ పేలికలు విదేశీయుల కంట పడితే నామోషీ అన్నారు. పేలికలు బుట్టదాఖలయ్యాయి. కార్డులు ప్రెస్సు నుంచి నెలన్నర దాకా రాలేదు. పదిహేడేళ్ళుగా ఉన్న గుర్తు, గుర్తు పెట్టమని ప్రమాణం చెప్పిన ఏడాదే లేకుండా పోయింది.

కొత్త పద్ధతిలో ప్రతిరోజూ బల్ల దగ్గర తనిఖీ చేసినవారు పట్టికలో సంతకం పెట్టాలి. పెద్దమ్మకు వేలిముద్రే వచ్చు. నేర్పుతానన్నాను.

"నా కూతురి పెళ్ళికి చర్చి పుస్తకంలో వేలిముద్ర వేశానండీ. పాస్టరుగారు ఏమీ అనలేదు. వియ్యపురాలు మాత్రం నా వేలు వంకే చూసింది. నేర్పండి."

టైపు చేసి పారేసిన కాగితాల వెనక ఆమె పేరు నా దస్తూరీలో రాసి ఇచ్చాను. భోజనాల వేళ దాని మీదే దిద్దేది. పదకొండు రోజులు పట్టింది. బాల్ పెన్నును కాయ కోసే కత్తి పట్టినట్టు పట్టేది. కాగితం చిరిగేది.

"కాస్త తేలిగ్గా పట్టుకో పెద్దమ్మా. కాగితానికి నొప్పి పుడుతుంది."

"పుట్టనీయండి. లేకపోతే దానికేం గుర్తుంటుంది?"

ఆమె సంతకం పెట్టిన కాగితం తిప్పి చూస్తే వెనక వైపు అక్షరాలు ఉబ్బి ఉండేవి. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలిసేది. పదకొండో రోజున ఆమె అడిగింది.

"ఇంతకీ సంతకమంటే ఏంటండీ? పేరే కదా?"

"పేరు కాదు. ఈ కాయ నేను చూశాను, బాగుంది, ఇది నా మాట, అని చెప్పడం."

"అయితే చూడకపోతే పెట్టకూడదు."

"పెట్టకూడదు."

"ఎవరు చెప్పినా పెట్టకూడదా?"

"ఎవరు చెప్పినా."

పాఠకులు ఈ జవాబు గుర్తుంచుకోవాలి. చెప్పింది నేను.

సీజను మధ్యలో జి. కొండూరులో ఉన్న ఆమె కూతురికి పురుడొచ్చింది. మేనేజరు గారి అనుమతితోనే మూడు రోజులు వెళ్ళింది. ఆ మూడు రోజుల్లోనే ఓడకు సరుకు అందించాలని తొందర. లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, అన్నీ ఒకే పసుపు రంగు. బల్ల మీద కాయ నిలవలేదు; గంపలు నేరుగా మిషను దగ్గర గుమ్మరించారు. నేను చూశాను. ఇది బల్ల దగ్గర వినే మీలో చాలామంది చూశారు. నాలుగో రోజు ఆమె వచ్చి, మనవడు పుట్టాడని అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టింది. మనమంతా తిన్నాము.

ప్రమాణం ధ్రువపత్రం ఇచ్చే తనిఖీ అధికారి రావడానికి రెండు రోజుల ముందు మేనేజరు గారు పట్టిక ముందేసుకుని ఆమెను పిలిపించారు. నేను పక్కన ఉన్నాను.

"ఏంటి పెద్దమ్మా, ఇక్కడ మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయేంటి?"

"ఆ మూడు రోజులూ నేను లేనండీ. జి. కొండూరులో ఉన్నాను."

"తెలుసమ్మా. ఇప్పుడున్నావుగా. పెట్టెయ్, పనైపోద్ది."

"కాయల్ని చూడలేదు కదండీ నేను."

"కాయలెక్కడున్నాయి ఇంకా? డబ్బాల్లోకి పోయాయి."

"అందుకేనండీ పెట్టలేనంది. ఖాళీగా వదిలెయ్యండి. నేను లేనన్నదీ నిజమే కదా, అదీ ఉండనీయండి."

మేనేజరు గారు నా వైపు తిరిగి నవ్వారు. "చూశావా గుమాస్తా, నువ్వు నేర్పిన చదువు! సంతకం వచ్చి రెండు నెలలు కాలేదు, మనకే నాణ్యత చెబుతోంది."

ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన పట్టిక నా ముందుకు తోశారు. "నువ్వు దిద్దించిన దస్తూరే కదా. నీకంటే బాగా ఎవరికొస్తుంది?"

నన్ను ఎవరూ బెదిరించలేదు. అది రాయకుండా దాటవేయలేను. తనిఖీ నెగ్గితే నన్ను నాణ్యతా సమన్వయాధికారిని చేస్తామని ఆ నెలలోనే మాట ఇచ్చారు. గది తలుపు మీద నా పేరు, పేరు పక్కన నా పట్టా ఉంటాయని నేను మనసులో చాలాసార్లు చదువుకున్నాను. రాత్రి కళాశాలకు పోయేటప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్ళంతా ఆ తలుపు ముందు నిలబడాలనుకున్నాను. పెన్ను తీసి మూడు గళ్ళలో ఆమె పేరు రాశాను. నిమిషం పట్టలేదు.

అధికారి వచ్చారు, కాగితాలు తిరగేశారు, క్రమబద్ధంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ధ్రువపత్రం అద్దాల చట్రంలో గేటు ఎదురుగా వేలాడదీశారు. నా గదికి తలుపూ వచ్చింది, తలుపుకు పేరూ వచ్చింది.

శ్రావణంలో టెలెక్స్ వచ్చింది. గుజ్జు పుల్లగా ఉందని, ఫలానా సంకేతం ఉన్న డబ్బాలు వెనక్కి పంపుతున్నామని. ఆ సంకేతం పట్టుకుని వెతికితే సరిగ్గా ఏ రోజు, ఏ లారీలు, ఏ బల్ల, ఎవరి సంతకం అన్నది పది నిమిషాల్లో తేలింది. వ్యవస్థ అంత బాగా పనిచేసింది! దారి పొడుగునా నిజమే. చివర నేను కూర్చుని ఉన్నాను.

విచారణలో మేనేజరు గారు పట్టిక ఆమె ముందు పెట్టారు. "సంతకం నీదే కదా?"

ఆమె సంతకం వంక చూడలేదు. కాగితం తిప్పింది. వెనక వైపు బొటనవేలితో, తొడిమ రుద్దినట్టు, నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళింది. ఆ మూడు గళ్ళ దగ్గర వేలు ఆగింది. అక్కడ నున్నగా ఉంది. తలెత్తి నన్ను ఒకసారి చూసింది.

"ఇది నా చెయ్యి కాదులెండి," అంది. ఎవరిదో చెప్పలేదు.

"మరి ఎవరిది? దయ్యం వచ్చి పెట్టిందా?"

ఆమె మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆమె మౌనమూ నా మౌనమూ ఒక్కటని ఎవరైనా అంటే వాళ్ళ ముఖం చూడను. ఆమె నన్ను కాపాడింది. నేను నా తలుపును కాపాడుకున్నాను.

తొలగింపు కాగితం మీద సంతకం పెట్టమన్నారు. "దీనికి పెట్టనండీ," అంది. "ఇందులో రాసింది నేను చూసింది కాదు. కావాలంటే వేలిముద్ర వేయించుకోండి." సిరా అట్ట నేనే అందించాను. పదకొండు రోజులు కష్టపడి వదిలించుకున్న మరక, మళ్ళీ ఆ బొటనవేలికి.

ఆ సాయంత్రం దిద్దుబాటు పత్రంలో "కారణం: కార్మికురాలి నిర్లక్ష్యం. చర్య: తొలగింపు" అని నింపాను. ఇందాక నేను చెప్పిన, లోకంలో ఆమె గురించి మిగిలిన కాగితం అదే.

పదిహేడేళ్ళ అనుభవం ఉన్న మనిషిని నూజివీడులోగానీ విస్సన్నపేటలోగానీ ఒక్క ప్యాకింగు షెడ్డు నీడన నిలబెట్టుకోలేదు. మా కాగితం సంగతి అందరికీ చేరింది, చేరవేసినవాళ్ళు చేరవేశారు. అరవై దగ్గర పడిన మనిషి ఎర్రటి ఎండలో, తోటల్లో రాలినకాయలు ఏరడానికి పోయింది. వడదెబ్బ అంటున్నారు. ఎండను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు కాబట్టి తప్పు ఎండ మీద పెట్టారు.

ఒక్కసారి, విస్సన్నపేట బస్టాండులో కనిపించింది. నేను మొహం తిప్పుకునే లోపే పలకరించింది.

"బాగున్నారా గుమాస్తాగారూ? పిల్లలు చదువుకుంటన్నారా? బల్ల దగ్గర ఏం కడతన్నారిప్పుడు గంపలకి?"

"కార్డులు వచ్చాయి పెద్దమ్మా."

"కార్డు తడిస్తే చిరిగిపోద్దండీ. రసం కారే చోట కార్డేంటి?"

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. సంతకాల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే, నలుగురిలో నన్ను తిట్టి ఉంటే, నా కోపంలో కొంత ఆమె మీదికి మళ్ళించుకుని ఈపాటికి సుఖంగా ఉండేవాణ్ణి. ఆ సదుపాయం కూడా ఆమె నాకు ఇవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం సమాధుల తోటలో వెనక వరసలో నిలబడ్డాను. ఫ్యాక్టరీ పూలదండ మీద ఫ్యాక్టరీ పేరు ఆమె పేరు కంటే పెద్దగా రాసి ఉంది. మేనకోడలు ఆ కాగితం ముక్క చింపి, దండ మాత్రం ఉంచింది.

వచ్చే వారం మళ్ళీ తనిఖీ. బల్ల తల దగ్గర ఇప్పుడు ఆ మేనకోడలే నిలబడుతోంది. సమాధికని వెళ్ళిన రోజుదీ, మరునాటిదీ ఆమె గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నిన్న మేనేజరు గారు పట్టిక నా ముందుకు తోశారు, అదే చేత్తో, అదే నవ్వుతో. "ఈసారి కాదండీ," అన్నాను. "ఇంటికెళ్ళి ఆలోచించుకో," అన్నారు. ఆలోచించుకున్నాను. ఆలోచన ఇదే, మీ చేతిలో ఉంది.

పాత దిద్దుబాటు పత్రాన్ని ఇందుమూలంగా దిద్దుతున్నాను. లోపం: మూడు రోజులు కాయలు చూడకుండా గుజ్జు తీశారు. కారణం: తీయించినది మేనేజరు గారు, చూసినట్టు దొంగ సంతకాలు పెట్టినది నేను. బల్ల పెద్దమ్మ ఆ మూడు రోజులూ జి. కొండూరులో కూతురి మంచం పక్కన ఉంది. చర్య అన్న గడి నేను నింపడం లేదు. అది నా మీద తీసుకోవలసినది, తీసుకునేవారు నింపుతారు.

ఇది ఏడు ప్రతులు సైక్లోస్టైల్ చేశాను. మొదటి ప్రతి మేనకోడలిది. రేపు టీ విరామంలో, బల్ల దగ్గర, బెల్లం తిన్నవాళ్ళందరికీ వినపడేలా ఆమె పైకి చదవాలి. తర్వాత మేనేజరు గారు చదవాలి. మూడోది తనిఖీ అధికారికి నేనే స్వయంగా, ఇంగ్లీషులో రాసి ఇస్తాను. తర్వాత మూడు ప్రతులు, ఆమెను పొమ్మన్న ప్యాకింగు షెడ్లకు. ఆఖరిది జి. కొండూరుకు వెళ్ళాలి. కూతురికి చదువు రాదు. మనవడు పెరిగి చదివేదాకా అది ఆ ఇంట్లో ఉండాలి.

మొదటి ప్రతితో పాటు నిరుటి ఆ పట్టిక కూడా జత చేశాను. చదివినవాళ్ళు ఎక్కడా సంతకం పెట్టవలసిన పని లేదు. దాన్ని వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో పై నుంచి కిందికి తడమండి. గరుకుగా, గరుకుగా, గరుకుగా తగులుతుంది, ఒక్కో రోజూ ఆమె నొక్కి రాసి ఇచ్చిన మాట. నడుమ మూడు గళ్ళ మేర వేలు జారిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ గరుకు.